సంఘపు లెక్కలు – డేటాబేసు శాస్త్రమున రాబోవు పరిశోధనలు

సహకార సంఘమునకు ప్రాణమేది యని యడిగినచో ధనమని కొందఱును, సభ్యుల యైకమత్యమని కొందఱును చెప్పుదురు. రెండును నిజమే. కాని యీ రెండింటిని నిలువబెట్టునది మఱియొకటి గలదు. అది లెక్క. లెక్క చక్కగా నున్న సంఘమున ధనము కొలదిగా నున్నను నమ్మకము చెడదు. లెక్క చెడిన సంఘమున ధనమెంత యున్నను ఐకమత్యము నిలువదు. చిట్టాలో నొక పంక్తి తప్పిపోయిన కారణమున, అంతవఱకు అన్నదమ్ములవలె మెలగిన సభ్యులు పలుకరించుకొనుట మానిన గ్రామములను మేమెఱుగుదుము.

ఇన్నాళ్లు మన లెక్క గుమాస్తాగారి కలమునందును, బీరువాలోని పుస్తకములందును ఉండెను. ఇప్పుడది కంప్యూటరులోనికి బోవుచున్నది. 2022 జూను 29వ తేదీన కేంద్ర మంత్రివర్గ సంఘము దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులకు మార్చు నిమిత్తము 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. దాని నిర్వహణ భారము నాబార్డుపై బెట్టబడెను. భూముల లెక్కలు అంతకుముందే మాఱినవి. ఆంధ్రప్రదేశమున మీభూమియు, తెలంగాణమున 2020లో ధరణియు, దాని స్థానమున 2025లో భూభారతియు వచ్చినవి. అనగా రైతుయొక్క భూమియు, అప్పును, వాటాయు నేడు బీరువాలో గాక, తన కంటికి గానరాని యొక భాండాగారమున నుండుచున్నవి. ఆ భాండాగారమునే డేటాబేసు అందురు.

తన ధాన్యమును దాచిన గాదె యెట్లు కట్టబడినదో, ఎలుక యెచ్చట జొరబడునో తెలియని రైతు లేడు. తన లెక్కను దాచిన గాదెనుగూర్చి తెలిసికొనకుండుట తగునా? ఈ శాస్త్రమున పండితులు ఇకముందు దేనిని పరిశోధింపనున్నారో, అందు మనకు పనికివచ్చునదేదో, మనము జాగ్రత్తపడవలసినదేదో పాఠకులకు మనవి చేయుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

డేటాబేసు అన నేమి?

సంఘమున చిట్టాయు ఆవర్జాయు నుండుట పాఠకు లెఱిగినదే. జరిగిన వ్యవహారమును జరిగిన వరుసన చిట్టాలో వ్రాయుదురు. పిదప దానిని ఆయా సభ్యుని ఖాతాలోనికి, ఆవర్జాకు ఎత్తుదురు. డేటాబేసుయొక్క మూలసూత్రమును ఇదియే. యంత్రము మొదట నొక చిట్టాలో వ్రాసికొని, తరువాతనే ఖాతాలను మార్చును. ఒక రైతు 5,000 రూపాయలు వాయిదా చెల్లించెననుకొందము. రొక్కమున 5,000 పెఱుగవలెను. అతని యప్పున 5,000 తఱుగవలెను. మొదటిది జరిగి రెండవది జరుగులోపల కరెంటు పోయినచో నేమగును? మంచి డేటాబేసు మరల లేచినప్పుడు తన చిట్టాను జూచికొని, వ్యవహారమును పూర్తిగా నెఱవేర్చును, లేదా పూర్తిగా త్రోసివేయును. సగము చేసి విడువదు.

ఇట్టి నియమములు నాలుగు గలవు. వ్యవహారము సాంతముగా జరుగవలెను. లెక్కల నియమము చెడరాదు. ఇద్దఱు గుమాస్తాలు ఒకేసారి పనిచేసినను ఒకరి పని యొకరి పనిని పాడుచేయరాదు. రసీదు ఇచ్చిన పిమ్మట ఆ లెక్క చెఱగరాదు. ఈ నియమములను శాస్త్రముగా దిద్ది తీర్చినవారిలో జిమ్ గ్రే అను అమెరికా పండితుడు ముఖ్యుడు. 1998లో ఆయనకు ట్యూరింగు బహుమానము లభించెను. నేడు బ్యాంకులలో మనము నిశ్చింతగా సొమ్ము వేయుచున్నామన్న అందు ఆయన కృషి కొంత గలదు.

వెనుకటి చరిత్ర

1960 తరువాతి తొలి సంవత్సరములలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చార్లెస్ బాక్‌మన్ అనునాయన మొట్టమొదటి డేటాబేసులలో నొకదానిని నిర్మించెను. అందు లెక్కలు గొలుసులవలె నొకదానికొకటి తగిలింపబడియుండెడివి. కావలసిన లెక్కను జేరుటకు ఏ గొలుసు పట్టుకొని పోవలెనో పనివాడే చెప్పవలసియుండెను. 1970లో ఐ.బి.ఎమ్. కంపెనీకి చెందిన ఎడ్గార్ కాడ్ అను గణితవేత్త మఱియొక మార్గము చూపెను. లెక్కలన్నింటిని సామాన్యమైన పట్టికలుగా నుంచవలెననియు, మనుష్యుడు తనకు కావలసినదేదో చెప్పిన చాలుననియు, దారి వెదకుకొనుట యంత్రముయొక్క పని యనియు ఆయన సిద్ధాంతము. మొదటి పద్ధతిలో బండివానికి ప్రతి మలుపును చెప్పవలెను. రెండవ పద్ధతిలో ఊరి పేరు చెప్పి బండిలో గూర్చుండవచ్చును.

ఈ సిద్ధాంతము ఆచరణకు రాదని ఆ కాలమున పలువురు వాదించిరి. కాని ఐ.బి.ఎమ్. వారి పరిశోధనాలయమునను, మైకేల్ స్టోన్‌బ్రేకర్ మున్నగువారి యాధ్వర్యమున బర్క్‌లీ విశ్వవిద్యాలయమునను అది యాచరణమున నిరూపింపబడెను. 1979లో పట్రీషియా సెలింజర్ అను విదుషీమణియు ఆమె సహచరులును, ఉన్న దారులలో ఏది తక్కువ ఖర్చుతో గమ్యము చేర్చునో యంత్రమే యంచనా వేయు విధానమును ప్రకటించిరి. నేటికిని డేటాబేసులు చాలవఱకు ఆ త్రోవనే నడుచుచున్నవి.

పండితుల సమావేశములు

ఏరువాకకు ముందు రైతులు రచ్చబండకడ గూడి ఈ యేడు ఏ చెలకలో ఏ పైరు వేయవలెనో మాటలాడుకొనుట గలదు. ఈ శాస్త్రజ్ఞులకును అట్టి యాచారము గలదు. 1988 ఫిబ్రవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లగూనా బీచి అను సముద్రతీర పట్టణమున పదునాఱుగురు విద్వాంసులు రెండు దినములు కూర్చుండి, ఇకమీద పరిశోధింపదగిన విషయములేవియో చర్చించి యొక నివేదిక వ్రాసిరి. అది మొదలు కొన్ని యేండ్లకొకమాఱు ఇట్టి సమావేశములు జరుగుచున్నవి. 1998లో అసిలోమారునను, 2003లో లోవెల్‌నను, 2008లో బర్క్‌లీలోని క్లేర్‌మాంట్‌నను, 2013లో ఇర్విన్‌నను, 2018లో సియాటిల్‌నను, 2023లో మాసచుసెట్సులోని కేంబ్రిడ్జినను అవి జరిగెను.

ఈ నివేదికలను వరుసగా జూచినచో నొక సంగతి బోధపడును. 1988లోనే పండితులు, సామాన్యుడు డేటాబేసును వాడుకొనుటకు తగిన సులభమైన ద్వారము కావలెనని తలచిరి. 1998లోనివారు, పదియేండ్లలో మానవజాతియొక్క సమాచారములో నధికభాగమును ప్రతివాడును సులభముగా దాచుకొని, వెదకి, విచారించుకొనునట్లు చేయవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. 2008లో, ఎవరి యంత్రము వారుంచుకొనక పెద్ద కంపెనీల యంత్రములను అద్దెకు వాడుకొను పద్ధతిని చర్చించిరి. 2018లో సమాచారముపై నెవరికి నెంత యధికారముండవలెనను ధర్మవిచారము ప్రముఖముగ వచ్చెను. వేగము పెఱిగినది, నిలువజేయు శక్తి పెఱిగినది. కాని సామాన్యునకు సులభమైన ద్వారము, అతనికి జరుగవలసిన న్యాయము – ఈ రెండును ముప్పదియైదేండ్లు దాటినను ఇంకను పరిశోధన పట్టికలోనే యున్నవి. మనకు గావలసినవియు ఈ రెండే. వీనికి సంబంధించిన కొన్ని మార్గములను వివరింతుము.

పేర్ల చిక్కు

మేమెఱిగిన యొక సంఘమున నొక వృద్ధరైతు తన యప్పును పైసలతో సహా తీర్చెను. ఐనను బాకీ చెల్లింపుమని నోటీసులు వచ్చుచుండెను. కొత్త పంటకు అప్పు పుట్టలేదు. రెండేండ్లు ఆయన వడ్డీవ్యాపారి గడప ద్రొక్కెను. చివరకు పాత చిట్టా విప్పి చూడగా సంగతి తేలినది. లెక్కలు కంప్యూటరుకు మార్చునప్పుడు ఆయన పేరు ఒకచోట ఇంటిపేరుతో పూర్తిగా నెక్కెను. మఱియొకచోట ఇంటిపేరులోని మొదటి యక్షరముతో మాత్రమే యెక్కెను. అప్పు ఒక ఖాతాలో, చెల్లింపులు మఱియొక ఖాతాలో నుండిపోయినవి. యంత్రము దృష్టిలో ఆయన యొకడు కాడు, ఇద్దఱు. ఒకడు ఎగవేతదారు, మఱియొకడు అప్పులేకయే సొమ్ము కట్టిన వెఱ్ఱివాడు.

రెండు పుస్తకములలోని రెండు పేర్లు ఒకే మనుష్యునివా, కావా యని తేల్చుట యీ శాస్త్రమున పాతసమస్య. 1969లో ఫెలిగీ, సంటర్ అను నిద్దఱు దీనికి గణితసూత్రమును చూపిరి. పేరొక్కటే చూడక, తండ్రిపేరు, వయస్సు, గ్రామము మున్నగువానిలో నేది కలిసిన నెంత బలమో తూచి నిర్ణయించుట ఆ పద్ధతి. మనదేశమున నీ చిక్కునకు లిపిభేదము గూడ తోడగును. పాసుపుస్తకమున పేరు తెలుగున నుండును. బ్యాంకులో ఇంగ్లీషున నుండును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు కుమరన్, జయంత్ హరిత్స అను పరిశోధకులు, వేర్వేఱు లిపులలోని పేర్లను అక్షరములబట్టి గాక ఉచ్చారణబట్టి పోల్చు పద్ధతిని 2004లో ప్రకటించిరి. ఇది మనబోంట్లకు మిక్కిలి యుపయోగకరమైన పరిశోధన.

ఐతే యిందు రెండు విధములైన తప్పులు గలవు. ఒక్కని నిద్దఱుగా జూచుట యొకటి. ఒకే పేరుగల యిద్దఱిని ఒక్కనిగా జేయుట రెండవది. మొదటిదానిని తగ్గింపబోయిన రెండవది పెఱుగును. మన గ్రామములలో తాతపేరు మనుమలకు బెట్టుట వాడుక గనుక, ఒకే ఇంటిపేరుతో ఒకే పేరుగలవారు నలుగురుండుట వింత కాదు. కావున నిశ్చయములేని చోట యంత్రము తానే తీర్పు చెప్పక, సంఘపు పంచాయతుదారులముందు పెట్టి యడుగు పద్ధతి యేర్పడవలెను. మనుష్యుని యొద్ద ఏ ప్రశ్న, ఎప్పుడు, ఎన్ని తడవ లడుగవలెనన్నదియు నేడు పరిశోధనలో నున్న విషయమే.

తెలుగున నడుగుట

నేడు భాషను నేర్చిన యంత్రములు వచ్చినవి. మాటలలో నడిగిన ప్రశ్నను డేటాబేసుకు దెలియు భాషలోనికి మార్చి, జవాబు తెచ్చిపెట్టు ప్రయత్నము ముమ్మరముగ జరుగుచున్నది. చదువు తక్కువైన సభ్యుడు సైతము తన నోటితో తెలుగున నడిగి తన లెక్క తెలిసికొనగలిగినచో, అంతకన్న మేలేమున్నది? ఇతరుల నాశ్రయింపవలసిన దైన్యము తొలగును.

కాని యొక ప్రమాదము గలదు. "మన సంఘమున బాకీదారులెందఱు?" అని యడిగితిమనుకొందము. సంఘమున 300 మంది సభ్యులు. అందు అప్పు గలవారు 120 మంది. వారిలో వాయిదా మీఱినవారు 35 మంది. బాకీదారు లనగా 120 మందియా, 35 మందియా? గుమాస్తాగారైన "ఏ బాకీ, బాబూ?" యని మరల నడుగును. యంత్రము తనకు తోచిన యర్థము దీసికొని తొట్రుపాటులేక జవాబు చెప్పును. ఆ జవాబునుబట్టి నోటీసులు పంపినచో, ఏ తప్పును చేయని 85 మంది గౌరవమునకు భంగము కలుగును. కావున యంత్రము జవాబు చెప్పుటకు ముందు తాను గ్రహించిన యర్థమును మన భాషలో మరల వినిపింపవలెను. ఏ పట్టికలోని ఏ పంక్తులనుండి జవాబు తెచ్చినదో చూపవలెను. ఇట్టి నిదర్శనము లేని జవాబు నోటిమాట వంటిదే. నోటిమాట నీటిమూట యని పెద్దలూరక యనలేదు.

తీగ తెగినప్పుడు

సంఘపు కంప్యూటరు జిల్లా బ్యాంకు యంత్రముతో సంబంధము గలిగియుండును. గాలివానకు తీగ తెగి, ఆ సంబంధము పోయినచో నేమి చేయవలెను? 2000లో ఎరిక్ బ్రూవర్ అను పండితుడు ఒక కఠినమైన సంగతిని సూచించెను. 2002లో గిల్బర్ట్, లించ్ అనువారు దానిని గణితముగా నిరూపించిరి. సంబంధము తెగినప్పుడు, అన్నిచోట్ల లెక్క ఒక్కటిగా నుండవలెనన్న పని నిలిపివేయవలెను. పని సాగవలెనన్న లెక్కలలో తాత్కాలికముగ భేదము నోర్చుకొనవలెను. రెండును గావలెనన్న కుదరదు.

ఇది పండితుల వినోదము కాదు. సకాలమున తీర్చిన పంటఋణమునకు వడ్డీలో నూటికి 3 వంతున రాయితీ గలదు. లక్ష రూపాయల అప్పుమీద సంవత్సరమునకు అది 3,000 రూపాయలు. వాయిదా తుదిదినమున సొమ్ము మూటగట్టుకొని వచ్చిన రైతును, లైను లేదు, రేపు రమ్మనినచో ఆ 3,000 రూపాయలు ఎవరు భరింతురు? పరిశోధకులు చూపుచున్న దారి యేమనగా, ఏ వ్యవహారములు సంబంధము లేకున్నను నిర్భయముగా సాగింపవచ్చునో, ఏవి సాగింపరాదో ముందుగా వేఱుచేయుట. చెల్లింపులు ఏ వరుసన చేర్చినను మొత్త మొకటే గనుక, ప్రతి రసీదునకు మఱొకదానితో కలియని సంఖ్య యున్నచో, వానిని సంఘముననే పుచ్చుకొని పిదప కలుపుకొనవచ్చును. సొమ్ము తీసికొనుట యట్లు కాదు. 10,000 నిలువపై రెండుచోట్ల 8,000 వంతున తీసికొన్న లెక్క తలక్రిందగును. ఇట్టి విచక్షణ యంత్రములకు నేర్పు పరిశోధన పల్లెలకు ప్రాణావసరము.

మార్పుల చరిత్ర

పాత పుస్తకమున అంకెను దిద్దినచో కొట్టివేత కనబడును. కంప్యూటరున కొట్టివేత కనబడదు. భూమి వేఱొకరి పేర మాఱినది. ఎవరు, ఎప్పుడు, ఏ యాధారముపై మార్చిరో తెలియకున్న రైతు కోర్టుల చుట్టును తిరుగవలసివచ్చును. అందుచే, పాత లెక్కను చెఱపక, దానిపై క్రొత్త లెక్కను జేర్చుచు చరిత్రనంతయు నిలుపు డేటాబేసులను నిర్మించుచున్నారు. ఇందు రెండు కాలములు వ్రాయవలెనని శాస్త్రము చెప్పును. సంగతి లోకమున నెప్పుడు జరిగినది? పుస్తకమున నెప్పు డెక్కినది? 2010లో కొన్న భూమి 2013లో నెక్కినచో, రెండు తేదీలును నిలువవలెను. 2011లో డేటాబేసు భాషయొక్క అంతర్జాతీయ ప్రమాణమున ఈ కాలవిషయములకు స్థానము దొరకినది.

ఇక దొంగచాటున మార్పకుండుటకు నొక యుపాయము. మన ఆవర్జాలో ప్రతి పుట తుదిని మొత్తము వేసి, మఱుసటి పుట మొదట దానిని ఎత్తివ్రాయుదుము గదా. 1991లో హేబర్, స్టోర్నెట్టా అనువారు ఇట్టి సూత్రమునే పత్రములకు బెట్టిరి. ప్రతి పుటయొక్క సారమును ఒక ముద్రగా జేసి తరువాతి పుటలో జేర్తురు. వెనుకటి పుటలో నొక యక్షరము మాఱినను తరువాతి ముద్ర లన్నియు సరిపోవు. ఆ చివరి ముద్రను సంఘపు గోడమీద నంటించినను చాలును. తరువాత నెవరును పాత లెక్కను రహస్యముగ దిద్దజాలరు. కాని మొదట తప్పు వ్రాసినచో, ఈ ముద్ర ఆ తప్పును భద్రముగ కాపాడునే గాని దిద్దదు. విత్తు నొకటి నాటి, మఱియొక పంటను గోయుట సాధ్యము కాదు.

గోప్యము

సంఘపు మొత్తములు ప్రకటింపవలసినదే. ఒక్కొక్కని యప్పు ఊరివారందఱికి తెలియనక్కఱలేదు. కాని మొత్తములనుండియే ఒక్కని గుట్టు బయటపడవచ్చును. 40 మంది సభ్యుల యప్పు 19,80,000 అని ఒక నెలయు, ఒక్క సభ్యుడు చేరిన పిదప 41 మంది యప్పు 20,50,000 అని మఱుసటి నెలయు ప్రకటించిరనుకొందము. తక్కిన వారి లెక్క మాఱనిచో, క్రొత్తవాని యప్పు 70,000 అని చిన్నపిల్లవాడు చెప్పగలడు. 2006లో సింథియా డ్వర్క్ మున్నగువారు దీనికొక సూత్రమును గనుగొనిరి. ఏ యొక్కని లెక్క యున్నను లేకున్నను జవాబులో భేదము కనుగొనుటకు వీలులేనంతగా, మొత్తమున స్వల్పమైన అనిశ్చితిని లెక్కప్రకారము కలుపుట ఆ పద్ధతి. పెద్ద జిల్లాకు ఇది చక్కగా సరిపోవును. చిన్న గ్రామమున కలిపిన యనిశ్చితియే అసలు లెక్కను మ్రింగివేయును. చిన్న సమూహములకు తగిన పద్ధతి యింకను వెదకవలసియున్నది. మన దేశమున 2023లో వ్యక్తుల సమాచార రక్షణకు చట్టము చేయబడినది. చట్టము హక్కునిచ్చును, ఆ హక్కును యంత్రమున నమలుజరుపు నేర్పును శాస్త్రము కనుగొనవలెను.

తన్ను తాను దిద్దుకొను యంత్రము

పెద్ద బ్యాంకులలో డేటాబేసును కనిపెట్టియుండుటకు నిపుణులుందురు. మన సంఘమున కార్యదర్శియే నిపుణుడు, గుమాస్తా, బంట్రోతు. కావున, తన జబ్బును తానే గుర్తించి మందు వేసికొను డేటాబేసులకై కార్నెగీ మెలన్ మున్నగు విశ్వవిద్యాలయములలో పరిశోధన జరుగుచున్నది. అనుభవము గల గుమాస్తా పుస్తకము తెఱవకయే ఆ సభ్యుని ఖాతా ఏ పుట దాపున నుండునో యెట్లు చెప్పునో, అట్లే లెక్క యున్నచోటును అభ్యాసముచే ఊహించు యంత్రములను 2018లో గూగుల్‌కును, మాసచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకును చెందిన పరిశోధకులు ప్రతిపాదించిరి. ఇవి పండినచో చిన్న సంఘములకు ఖర్చు తగ్గును. ఐనను ఊహ తప్పినప్పుడు పాత పద్ధతికి మరలివచ్చు దారి యుండవలెను.

పట్టికలో గడి లేనివాడు

అన్నింటికన్న ముఖ్యమైనదానిని చివర చెప్పుచున్నాము. కాడ్ పండితుని సిద్ధాంతప్రకారము లోకమంతయు పట్టికలుగా మాఱును. పట్టికలో నే గడులుండవలెనో యంత్రము నిర్ణయింపదు, మనుష్యులు నిర్ణయింతురు. పట్టాదారుకు గడి యుండి, కౌలుదారుకు గడి లేనిచో, ఎండలో దున్నినవాడు యంత్రము దృష్టిలో పుట్టనేలేదు. పంట నష్టమైన సహాయము గడిలోనున్న పేరునకు బోవును. ఆంధ్రదేశమున కౌలుదారుల గుర్తింపునకై 2011లోను, మరల 2019లోను చట్టములు వచ్చుటయే యీ లోటు ఎంత పెద్దదో చెప్పుచున్నది.

ఖాళీ గడి గూడ రెండర్థముల నిచ్చును. కౌలుదారు గడి ఖాళీగా నున్నచో, కౌలుదారు లేడనియా? ఉన్నాడు గాని యెవరో తెలియదనియా? కాడ్ పండితుడే యీ రెండింటికి వేర్వేఱు గుర్తు లుండవలెనని వాదించెను. ఆయన మాట వాడుకలోనికి రాలేదు. నేటికిని చాల యంత్రములలో రెండింటికి ఒకటే ఖాళీ. తెలియనిదానిని లేనిదానిగా లెక్కించుటవలన నష్టపడువాడు ఎప్పుడును పేదవాడే. కావున, పని యాగకుండ పట్టికలకు క్రొత్త గడులు చేర్చు విధానమును, తెలియనిదానిని తెలియనిదిగానే చూపు విధానమును పరిశోధకులు వృద్ధిచేయవలసియున్నది. ఏ గడి కావలెనో చెప్పవలసినవారు మాత్రము మనమే.

సభ్యులు చేయదగిన పనులు

పరిశోధనలు ఫలించువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. సొమ్ము కట్టిన ప్రతిమాఱును సంఖ్య గల రసీదు పుచ్చుకొనవలెను. పాసుపుస్తకమునను, బ్యాంకునను, సంఘమునను పేరు ఒకే విధముగ నున్నదో లేదో ఏడాదికొకమాఱు సరిచూచుకొనవలెను. కాగితపు చిట్టాను కంప్యూటరు లెక్కతో అణాపైసలవఱకు సరిపోల్చి, ఆడిటరు ఒప్పుకొనువఱకు పాఱవేయరాదు. లెక్కల నకలు మఱియొక కట్టడమున నుంచవలెను. నకలుంచిన మాత్రమున చాలదు, దానినుండి లెక్కను మరల నిలబెట్టి చూడవలెను. సర్వసభ్య సమావేశమున పంచాయతుదారులను మూడు ప్రశ్న లడుగవలెను: మన లెక్కను మార్చు నధికార మెవరెవరికి గలదు? మార్చినచో గుర్తు నిలుచునా? ఈ కంపెనీని విడిచి మఱియొక కంపెనీకి బోవలెనన్న మన లెక్కలన్నియు మన చేతికి వచ్చునా?

సోదర రైతులారా! వడ్డీవ్యాపారి పుస్తకమున నేమి వ్రాసియున్నదో తెలియక మన తాతలు పొలములు పోగొట్టుకొనిరి. ఆ చీకటిని బాపుటకే సహకారోద్యమము పుట్టినది. 1904లో మొదటి పరపతి సంఘముల చట్టము వచ్చినది. పుస్తకము మాఱి యంత్రము వచ్చినంతమాత్రమున ఆ చీకటి మరల రాగూడదు. మన లెక్క మనము చదువగలిగిననాడే అది మన సంఘము. పైని చెప్పిన మూడు ప్రశ్నలను రాబోవు సమావేశమున మొదటి యంశముగా నుంచవలసినదని మా మనవి.